బ్యాటరీ నిండుగానే ఉంది

ఆ సాయంత్రం బ్యాటరీ అయిపోలేదు. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే మిగిలింది రాయడం నాకు తేలికవుతుంది. ఒక పాస్టరు గారు నిండు సభలో మాట్లాడుతూ ఉండగా మైకు మూగపోయింది. నేను లేచి నిలబడి రెండు చేతులూ చూపించి, బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. అందరూ నమ్మారు. ఆయన కూడా నమ్మారు. కానీ మీట తిప్పింది నా కుడి చెయ్యి.

నేను నలభై ఏళ్ళకు పైగా మైకు సెట్లు కట్టి బతికినవాణ్ణి. ఇప్పుడు ఈ పనిలో ఉన్న కుర్రాళ్ళు గోడలంత పెట్టెలు లారీల మీద పేర్చుకుని పోతుంటారు. ఆగినప్పుడు కొందరు నన్ను అడుగుతారు, మీ రోజుల్లో పని ఎలా ఉండేది తాతా అని. పని ఎలా ఉండేదో చెప్పడం సులువే. నేను ఎలా ఉండేవాణ్ణో చెప్పడానికే ఇన్నేళ్ళు పట్టింది.

అరవైల చివరి సంవత్సరాలు. నరసన్నపేటలో మైకు సెట్లు అద్దెకిచ్చే షాపులో పనిచేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుంటాయి. పల్లెల్లో కరెంటు అంతంత మాత్రం కాబట్టి మా సెట్టంటే ఒక ఆంప్లిఫయరు పెట్టె, రెండు ఇనప బాకాలు, ఒక మైకు, వాటన్నిటికీ ప్రాణం పోసే కారు బ్యాటరీ ఒకటి. నాటుబండిలో గడ్డి పరిచి వాటిని పసిపిల్లల్లా పడుకోబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. పెళ్ళికీ అదే సెట్టు, పార్టీ సభకీ అదే, క్రైస్తవుల కూటాలకీ అదే.

మా యజమానికి ఒక అలవాటుండేది. సెట్టు తిరిగి రాగానే బ్యాటరీ మూతలు విప్పి, లోపల చిన్న తేలుడు బద్ద ఉండే గాజు గొట్టంతో యాసిడ్ లాగి చూసేవాడు. బద్ద ఎంత పైకి తేలితే అంత చార్జి మిగిలినట్టు. మేం దాన్ని థర్మామీటరు అనేవాళ్ళం. దాని అసలు పేరు వేరని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఆయన నేర్పిన పని సూత్రం ఒక్కటే. మైకు ఎవరు కట్టించుకున్నారో ఆ సభకు మైకు వాళ్ళది. వాళ్ళు పెట్టమంటే పెట్టాలి, ఆపమంటే ఆపాలి. మన అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు.

పాస్టరు గారిని నేను మొదట చూసింది కూటాల దగ్గరే. నరసన్నపేట నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక పేట, ఆ పేటలో పెంకుటి ప్రార్థన మందిరం. ఆయనకు యాభై దగ్గరపడ్డాయి. ఇరవై ఏళ్ళు సముద్రపు గాలికి ఎదురు నిలబడి బోధ చేసి గొంతు పాడుచేసుకున్నారు. ఇక గట్టిగా మాట్లాడితే ఉన్నది కూడా పోతుందని డాక్టరు చెప్పాడట. మైకు లేకపోతే ఆయన మాట మూడో వరస దాటేది కాదు.

నేను వ్యవసాయం చేసుకునే కుటుంబంలో పుట్టాను. మొదటిసారి ఆ పేటకు సెట్టు కట్టడానికి వెళ్ళినప్పుడు మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. కడుపు నొప్పి అన్నాను. ఆ పేటలో తినకూడదని మా ఇంట్లో నేర్పిన మాట నా నోట్లో కడుపు నొప్పిగా మారింది. పాస్టరు గారు నా ముఖం ఒకసారి చూసి ఊరుకున్నారు. కాసేపటికి ఎవరో కొబ్బరిబొండం కొట్టి తెచ్చి నా పక్కన పెట్టారు. "కడుపు నొప్పికి మంచిది నాయనా, తాగు" అన్నారాయన. ఆ తర్వాత ప్రతి ఏడూ కూటాలకు నాకు కడుపు నొప్పి వచ్చేది. ప్రతి ఏడూ బొండమూ వచ్చేది. ఆయన సెట్టు దగ్గరికి వచ్చి ముందు అడిగేది "తిన్నావా?" అని. మైకు బాగుందా అన్నది ఆ తర్వాతే.

అలాంటి మనిషి రాజకీయాల్లోకి ఎందుకు వచ్చారో చెప్పాలి. ఆ పేటవాళ్ళు తమ చనిపోయినవాళ్ళను పాతిపెట్టే చోటు ఒక ఇసుక దిబ్బ. పేటకూ దిబ్బకూ మధ్య వరిచేలు. పూర్వం వాటి మధ్య నుంచి ఎడ్లబండి పట్టేంత పుంత ఉండేదట. పక్క రైతు ఏడాదికో నాగటి సాలు లోపలికి జరుపుకుంటూ దాన్ని చేలో కలిపేసుకున్నాడు. ఉడుపులు, అంటే నాట్లు మొదలైతే కోతలయ్యేదాకా గట్ల మీద శవాన్ని పోనివ్వరు. ఆ నెలల్లో ఎవరైనా పోతే ఊరు చుట్టూ తిరిగి, గెడ్డలో దిగి, నడుంలోతు నీళ్ళలో శవపెట్టె మోసుకుపోవాలి. ఒక వానాకాలం గెడ్డ పొంగి, పెట్టె మోసేవాళ్ళ చేతుల్లోంచి జారిపోయింది. గట్టు మీద నిలబడిన చనిపోయినవాడి భార్య, "పట్టుకోండర్రా, మనిసి ఎల్లిపోతన్నాడు" అని అరిచిందట. ఈతగాళ్ళు దూకి పట్టుకొచ్చారు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం పాస్టరు గారి గొంతు మైకులో కూడా వినిపించేది కాదు.

దారి కోసమే ఆయన పార్టీలో చేరారు. పిలిచింది ఆ ప్రాంతంలో పార్టీకి పెద్ద. ఇక్కడ ఆయన్ని పెద్దాయన అనే అంటాను. పేటవాళ్ళ ఓట్లు ఆయనకు కావాలి. దారి ఇప్పిస్తానని మాటిచ్చాడు. ఆ పుంతను దున్నుకున్న రైతూ ఆయనే. పాస్టరు గారు సమితి సభ్యుడయ్యారు. మూడేళ్ళు తిరిగారు. ప్రతి ఏడూ "ఈ పంట తియ్యనీ పాస్టరూ" అనేవాడు పెద్దాయన. పంట తీసేవాడు, మళ్ళీ వేసేవాడు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి. పాస్టరు గారినే అభ్యర్థిగా ప్రకటించడానికి పెద్దాయన ఆ ఊళ్ళోనే సభ పెట్టాడు. సంత రోజు, ఎండ వాలే వేళ. సంతకు వచ్చిన జనమంతా కూర్చున్నారు. సెట్టు కట్టించుకున్నది పెద్దాయన. బాకాలు తాటిచెట్లకు కట్టి, వేదిక పక్కన పెట్టె దగ్గర నేను కూర్చున్నాను. పెద్దాయన నా భుజం తట్టి, "ఏటిరా, నీ కాయితం నా దగ్గరే ఉన్నాదిలే" అన్నాడు. కరెంటాఫీసులో హెల్పరు పనికి నేను పెట్టుకున్న దరఖాస్తు సంగతి అది. ఆయన ఒక మాట చెబితే ఉద్యోగం వస్తుందని ఊరంతా అనుకునేది. మా అమ్మ అయితే ఆయన పేరు దేవుడి పేరుతో కలిపి తలుచుకునేది.

పాస్టరు గారు లేచారు. మైకు ముందు నిలబడి మెల్లగా మొదలుపెట్టారు. "నన్ను ఈ పార్టీలోకి మీ అందరి ఎదుటే తీసుకున్నారు. అందుకని మీ ఎదుటే బయటకు పోతున్నాను. చాటుగా పోవడం నాకు చేతకాదు. రేపటి నుంచి నేను అవతలి పార్టీ మనిషిని. ఎందుకంటే..."

అని కోటు జేబులో చెయ్యి పెట్టి మడతపెట్టిన కాగితం ఒకటి తీశారు.

పెద్దాయన నా వైపు తల కూడా తిప్పలేదు. కుర్చీలో కూర్చునే, మోకాలి మీదున్న చేతిని కొద్దిగా ఎత్తి, తాళం తిప్పినట్టు రెండు వేళ్ళు తిప్పాడు.

నేను ఆలోచించలేదని చెప్పను. ఆలోచించాను. సెట్టు ఆయనది. నా కాగితం ఆయన జేబులో ఉంది. వీటికి తోడు నాకు పాస్టరు గారి మీద కోపం కూడా వచ్చింది. ఈయనా గోడ దూకేవాడేనా, ఇన్నాళ్ళు బొండాలు తాగించింది ఇందుకేనా అనుకున్నాను. ఎదుటివాడి మీద కోపం తెచ్చుకుంటే మన చెడ్డపని కొంచెం మంచిపనిలా కనిపిస్తుంది. ఈ సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది.

మీట ఒక్కసారిగా కట్టేస్తే అందరికీ తెలిసిపోతుంది. బ్యాటరీ పోయేటప్పుడు మాట టక్కున ఆగదు. ముందు బొంగురుపోతుంది, తర్వాత గరగరలాడుతుంది, ఆఖరికి సన్నగిల్లిపోతుంది. ఆ వరస నాకు బాగా తెలుసు. ఎడమ చేత్తో బ్యాటరీ మీది తీగె బిగింపు కొంచెం వదులు చేశాను. కుడి చేత్తో మీట వెంట్రుకవాసి చొప్పున తగ్గించాను. పని తెలిసినవాడి అబద్ధం కాబట్టి చాలా బాగా కుదిరింది. జనం విన్న ఆఖరి మాట "ఎందుకంటే". ఆ తర్వాత పాస్టరు గారి పెదవులు కదిలాయి, కాగితం గాలికి ఆడింది, దగ్గు వచ్చింది. వెనకవరసల్లో కేకలు. పెద్దాయన లేచి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. సభ అయిపోయింది.

పాస్టరు గారు మెట్లు దిగి నా దగ్గరికే వచ్చారు.

"ఏటైంది నాయనా?"

"బ్యాటరీ అయిపోనాదండి అయ్యగారూ."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "అయిపోతే నువ్వేటి సేస్తావు. నీ తప్పేటున్నాది." రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగారు. "తిన్నావా?"

ఆయన వెళ్ళాక పెద్దాయన నన్ను దాటిపోతూ, "సోమవారం ఓపాలి కనబడు" అన్నాడు.

మర్నాడు పొద్దున మా యజమాని బ్యాటరీ మూతలు విప్పాడు. గాజు గొట్టం ముంచాడు. బద్ద నిటారుగా తేలింది. ఇంకోసారి ముంచాడు. బ్యాటరీ మూడో గదిలో కూడా ముంచి చూశాడు. అప్పటికే సంతకు వెళ్ళొచ్చినవాళ్ళు ఆయనకు సంగతంతా చెప్పారు.

"బ్యాటరీ నిండుగానే ఉన్నాది," అన్నాడు గొట్టం తుడుచుకుంటూ. "మరి పాస్టరు గారి మాట ఎలగ సచ్చిపోయిందిరా?"

నేను తల వంచుకున్నాను.

"కట్టించుకున్నోడు ఆపమన్నాడు. అంతేనా?"

"అంతేనండి."

"అయితే ఆపు. ఆపి, ఇగో, ఈ బాబు ఆపమన్నాడు కాబట్టి ఆపినాను అని సెప్పు. అది మన పని. బ్యాటరీ పోయిందని సెప్పమని ఎవుడన్నాడు?"

"ఎవులూ అన్లేదండి."

"మరి?"

ఆయన నన్ను తిట్టలేదు. బ్యాటరీని చార్జింగు బల్ల మీద పెట్టకుండా పక్కన నేల మీద పెట్టాడు. ఎందుకలా పెట్టాడో అప్పుడు నాకు తెలియలేదు.

రెండు రోజుల్లో టీ కొట్ల దగ్గర పాస్టరు గారికి కొత్త పేరు వచ్చింది. "ఎందుకంటే పాస్టరు". "ఒరే బావా, అప్పు తీర్సవేటిరా?" అని ఒకడంటే, "తీర్సను బావా, ఎందుకంటే..." అని రెండోవాడు గొంతు పట్టుకుని దగ్గేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ ఒకసారి నవ్వాను. ఆ నవ్వు కూడా నా లెక్కలో వెయ్యండి.

అది అక్కడితో ఆగితే బహుశా నేను ఈ సంగతి మరిచిపోయేవాణ్ణి. శనివారం, పేట నుంచి తాటాకు చాపలు అమ్మేవాడొకడు మా షాపు అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చెప్పాడు.

"మా అయ్యగారు మూడ్రోజులై ముద్ద ముట్టలేదు బావూ. పార్టీ మారతానన్న నోరు దేవుడే కట్టేసినాడంటన్నారు మా పేటోళ్ళు. అయ్యగారు కూడా అలగే అనుకుంటన్నారు. రేపు ఆరాధనలో రాజకీయం ఒగ్గేస్తానని సెప్పేస్తారట. ఆ కాయితమేదో ఉన్నాదట, అది పెద్దాయనకే ఇచ్చెత్తారట."

"ఏటి కాయితం?"

"పుంత కాయితం. అవతల పార్టీవోలు సర్వే ఆపీసు నుంచి తీయించి ఇచ్చినారు. పుంత సర్కారుదేనట. పెద్దాయన సేను లోపలున్నాదట. సోమవారం నామినేసను ఎయ్యకపోతే ఇంక దాని ఊసెత్తేవోడెవుడు?"

సభలో "ఎందుకంటే" తర్వాత రావలసిన మాట అది. నేను మింగేసింది ఆ దారిని. పైగా ఒక మంచి మనిషి మూడు రోజులుగా తిండి మానేసి, నా కుడి చేతిని దేవుడి చెయ్యి అనుకుంటున్నాడు.

మా యజమాని లోపల నుంచి అంతా విన్నాడు. చాపలవాడు వెళ్ళాక నేల మీది బ్యాటరీ ఎత్తి నా ముందు పెట్టాడు.

"రేపు పొద్దున్నే సెట్టేసుకుని ఎల్లు. దీనికి చార్జి ఎక్కించలేదు. మొన్న ఎంత మిగిలిందో అంతే ఉన్నాది. ఇది మాట్లాడతాదో లేదో ఆల్ల ముందే సూపించు." లోపలికి పోబోతూ మళ్ళీ అన్నాడు, "పనిలోంచి తీసేస్తానని బయపడకు. తీసేస్తే నువ్వు కరెంటాఫీసుకి పోతావు. అక్కడ ఊరు మొత్తానికీ మీట నీ సేతిలో ఉంటాది."

నా యజమాని నాకు నేర్పిన పాఠాల్లో నవ్వుతూ చెప్పింది అదొక్కటే. అదే నాకు బాగా గుర్తుంది.

ఆదివారం ఆరాధన మొదలవకముందే పేటకు చేరాను. పాస్టరు గారు మందిరం అరుగు మీద కూర్చుని ఉత్తరం రాస్తున్నారు. ముఖం పీక్కుపోయి ఉంది. బండిలో సెట్టు చూసి, "ఎవరు కట్టమన్నారు నాయనా?" అన్నారు.

నేను నేల మీద కూర్చున్నాను.

"బ్యాటరీ అయిపోలేదండి అయ్యగారూ. నానే తిప్పేసినాను. పెద్దాయన సైగ సేసినాడు. ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. మీ మీద కోపం కూడా వొచ్చింది. నానే."

ఆయన చేతిలో కలం అలాగే ఉంది. సిరా చుక్క ఒకటి కాగితం మీద పడి వెడల్పయింది. నన్ను కొడితే బాగుండుననిపించింది.

"మూడు రోజులు దేవుణ్ణి అడిగాను," అన్నారు ఆఖరికి. "నా నోరు ఎందుకు కట్టావు తండ్రీ అని. ఒక్క ముక్క జవాబు రాలేదు. ఆయన సెయ్యని పని ఎందుకు సేశావని అడిగితే ఆయన మాత్రం ఏటి సెప్తాడు?"

ఆయన పెదవుల మీద నవ్వు లాంటిది కనిపించి పోయింది. తర్వాత కళ్ళు తుడుచుకున్నారు. నన్ను క్షమించానని అనలేదు. లేచి, "నాకు సెప్పావు, సరే. ఆల్లకి ఎవరు సెప్తారు?" అని లోపలికి చూపించారు.

అదే బ్యాటరీకి తీగెలు బిగించాను. మందిరం నిండిపోయింది. కిటికీల దగ్గర కూడా జనం. మైకు ముందు నిలబడాల్సి వచ్చింది. వందల సభలకు మైకు కట్టాను గాని దాని ఎదుట నిలబడడం అదే మొదలు. నా గొంతు బాకాలోంచి బయటకు పోయి తాటితోపుకు తగిలి తిరిగి వస్తుంటే నాకే వేరే మనిషి గొంతులా ఉంది. ఏం చేశానో చెప్పాను. ఏ చేత్తో ఏం తిప్పానో కూడా చెప్పాను.

ముందువరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి వచ్చింది. గెడ్డలో భర్త పెట్టె కొట్టుకుపోతుంటే అరిచిన మనిషి ఆమే.

"బావూ, ఆ సెయ్యి ఇలగ సూపించు."

చూపించాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, అరచెయ్యి చూసి, వేళ్ళు చూసింది.

"మూడ్రోజులు మాకు దేవుడై కూకున్నావు గదరా," అంది. "ఇంత సిన్న సెయ్యా?"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పాస్టరు గారు కూడా. ఆ నవ్వులో నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆయన మైకు దగ్గరికి వచ్చారు. జేబులోంచి అదే కాగితం తీశారు. ముందుమాటలేవీ చెప్పలేదు.

"ఎందుకంటే," అని మొదలుపెట్టారు.

సర్వే నంబర్లు, పుంత వెడల్పు, అది ఎక్కడ మొదలై దిబ్బ దాకా ఎలా పోతుందో, అంతా చదివారు. తనకు ఈ కాగితం తెచ్చిచ్చినవాళ్ళూ ఓట్లు చూసుకునే ఇచ్చారని, ఆ సంగతి తనకు తెలుసనీ కూడా చెప్పారు. గంటన్నర మాట్లాడారు. బ్యాటరీకి ఒక్కసారి కూడా బొంగురు రాలేదు.

మధ్యాహ్నం విస్తళ్ళు వేశారు. చేపల పులుసు వాసన వస్తోంది. ఆయన నా దగ్గర ఆగారు.

"కడుపు నొప్పి లేదేటి?"

"లేదండి."

"అయితే కూకో."

నేను తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను.

సోమవారం నేను పెద్దాయనకు కనబడలేదు. పాస్టరు గారు నామినేషను వేశారు. ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. నేను ఒప్పుకోవడంతో ఆయన గెలిచారని రాస్తే బాగుండేది గాని అలా జరగలేదు. "ఎందుకంటే పాస్టరు" అన్న పేరు ఊళ్ళలో చాలాకాలం పోలేదు. అయితే ఆ నెలలో ఆయన ఏ ఊళ్ళో మాట్లాడినా కాగితం మొత్తం చదివారు. వందసార్లు విన్నాక ఆ సర్వే నంబర్లు జనానికి పాటలా వచ్చేశాయి. సంతలో కూరలమ్మేవాళ్ళు కూడా చెప్పగలిగేవారు. ఓట్లయ్యాక, కోతలయ్యాక, సర్వేవాళ్ళు గొలుసు పట్టుకుని వచ్చారు. రాళ్ళు పాతారు. ఇంత మందికి తెలిసిన నంబరును కప్పిపుచ్చడం పెద్దాయనకు కూడా కుదరలేదు.

రాళ్ళు పాతిన రోజున ముసలమ్మ కర్ర పట్టుకుని ఆ దారి మొదటి నుంచి చివరిదాకా నడిచింది. ఎవరో పట్టుకోబోతే విదిలించుకుంది. "పీనుగునై పోకముందు మనిసినై నడిసి సూస్తాను, ఒగ్గండి" అంది.

కొత్త పార్టీ పాస్టరు గారిని ఏడాది తిరక్కుండానే మరిచిపోయింది. ఆయన మళ్ళీ ఏ పార్టీలోనూ చేరలేదు. ఒకసారి నేను ధైర్యం చేసి అడిగాను, పార్టీ మారడం సరైన పనేనా అయ్యగారూ అని. "తెలీదురా," అన్నారు. "అది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలీదు. దారి వచ్చింది. అంతవరకే తెలుసు." పార్టీ మారినవాళ్ళను నేను తర్వాత చాలామందిని చూశాను. మైకు సెట్టువాడికి వాళ్ళు బాగా తెలుస్తారు. నిన్న ఈ జెండా కింద మాట్లాడినవాడు ఇవాళ ఆ జెండా కింద అదే గొంతుతో మాట్లాడతాడు. పాత పార్టీ వేదిక మీదే నిలబడి, వాళ్ళ మైకులోనే, పోతున్నానని చెప్పి పోయినవాణ్ణి మాత్రం ఆయన్ని తప్ప చూడలేదు. అలాంటి మాట ఒక్కసారి వినే అదృష్టం నా పనిలో నాకు దక్కింది. దాన్ని పూర్తిగా విననియ్యనిది నేను.

నేను చేసుకున్న పరిహారం చిన్నది. ఆ దారి వచ్చినప్పటి నుంచి ఆ దిబ్బ మీద ఎవరిని పాతిపెట్టినా సెట్టు నేనే వేసుకుని వెళ్ళాను. ముసలమ్మకూ వెళ్ళాను. యజమాని పోయి షాపు నా చేతికి వచ్చాక కూడా మానలేదు. ఎక్కడికి వెళ్ళినా రెండో బ్యాటరీ ఒకటి బండిలో ఉండేది. దేన్నయినా ఎవరైనా ఆపమంటే, ఆపి, ఫలానా ఆయన ఆపమన్నారని మైకులోనే చెప్పేవాణ్ణి. అలా చెబుతానని తెలిశాక ఆపమనేవాళ్ళు తగ్గిపోయారు.

చాలా ఏళ్ళ తర్వాత ఒక శ్రావణమాసంలో పాస్టరు గారు పోయారు. చేలు ఉడుపులతో పచ్చగా ఉన్నాయి. పెట్టెను పుంత మీదుగానే, పొడి కాళ్ళతో తీసుకెళ్ళారు. నేను దిబ్బ మీద సెట్టు కట్టాను. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి. అప్పుడు ఇద్దరు పట్టుకుని నడిపిస్తుంటే పెద్దాయన వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. మాట్లాడతానన్నాడు. పేటవాళ్ళు నా వైపు చూశారు.

ఆయన మైకు పట్టుకుని, దాన్ని చేత్తో కప్పి, నా చెవి దగ్గర అడిగాడు. "ఒరే, బ్యాటరీ ఉన్నాదా?"

"ఉన్నాది బాబూ. రెండున్నాయి."

ఆయన నలభై నిమిషాలు మాట్లాడాడు. పాస్టరు గారూ తనూ అన్నదమ్ముల్లా మెలిగామన్నాడు. ఈ దారి తనే తన చేలోంచి తీసి ఇచ్చానన్నాడు. నా పక్కనున్న ముసలమ్మ కూతురు పళ్ళు కొరుకుతూ, "కట్టేయ్ మావా, కట్టేయ్" అంది. మీట నా మోకాలి దగ్గరే ఉంది.

నేను లేచి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఆయన చెప్పడం ముగించేదాకా నిలబడ్డాను.